పాలు తూర్పుకే పొంగాలన్నాను

2001 జూలై 9

కృష్ణమ్మాళ్ ఈరోజు నాకు ఎదురు చెప్పింది.

నలుగురి ముందు కాదు, వంటింటి గడప దగ్గర. అయినా ఎదురు చెప్పడం ఎదురు చెప్పడమే. విరుదునగర్‌లో ఒక బడివాళ్ళు ఎనిమిది కంప్యూటర్లు పెట్టారట. గోవిందరాజ్ పోయి చూసి వచ్చాడు. అతను మా తెలుగువాళ్ళ సంగానికి ప్రెసిడెంటు. నేను సంగం బడికి కరస్పాండెంటును. కూటంలో అందరూ ఉండగా "ఎనిమిది, ఎనిమిది" అని నా మొహం చూసి రెండుసార్లు అన్నాడు. మనం పది పెడతాం అని అక్కడే చెప్పేశాను. ఇంటికి వచ్చి ఈమెకు చెబితే సంతోషపడుతుందనుకున్నాను.

"పది వద్దు మామా. ఒకటి సాలు" అంది.

"ఒకటా? ఒంటెద్దును కట్టి దుక్కి దున్నేరా ఎవురన్నా?"

"పిల్లకాయలకు ఏమి కావాలో సూసి మిషను తేవాల మామా. మిషను తెచ్చి పెట్టుకోని, దీంతో ఏమి సేద్దామా అని పిల్లకాయల్ని సూసేది కాదు."

నా చిన్నకొడుకు పెళ్ళాం ఈమె. వాడు పోయి ఆరేళ్ళు. బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి పోతానంటే వద్దని ఇక్కడ ఉంచి, మా బడిలోనే ఐదో క్లాసు ఇచ్చింది నేను. ఉంచినవాడికి ఇది మర్యాద.

జూలై 12

చెప్పకుండా బడికి పోయి ఐదో క్లాసు కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఈమెకు ఒక టేపురికార్డరు ఉంది. పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి పాఠం చదివిస్తుంది, టేపులో పట్టి మళ్ళీ వాళ్ళకే వినిపిస్తుంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ముత్తుప్పేచ్చి కూతురు మారీశ్వరి లేచింది. పోయిన ఏడు ఆ పిల్ల నోరు తెరిచి నేను చూడలేదు. ఈరోజు చదివింది. తన గొంతు తనే విని, తప్పు చదివిన చోట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, మళ్ళీ సరిగా చదివింది. కృష్ణమ్మాళ్ ఏమీ అనలేదు. మీట నొక్కి ఊరికే కూర్చుంది.

ఇదీ ఒక పాఠమా? జీతం తీసుకుని ఊరికే కూర్చోవడం!

బయటికి వచ్చాక అడిగాను. "టేపురికార్డరు టీ అంగట్లో గూడా ఉండాది. దీనికి టీచరు ఎందుకు?"

"నేను తప్పు అంటే పిల్లకాయలు బయపడి నోరు మూసుకుంటారు మామా. వాళ్ళ గొంతు వాళ్ళు వింటే బయం లే. అందుకని శాన యోచన చేసి ఇది ఒక్కటి పట్టుకుంటిని. ఇది కుదిరింది. ఇంక ఒక కంప్యూటరు ఈ మూలలో పెట్టియ్యండి. ఈ ఏడు దాంట్లో ఒకటే ఒకటి నేర్సుకుంటాను, పిల్లకాయలు సెప్పే మాటల్ని పెద్ద అచ్చరాల్లో కొట్టి వాళ్ళకే సదవను ఇచ్చేది. అది కుదిరితే, వచ్చే ఏడు రెండోది."

ఏడాదికి ఒకటి! ఈమె లెక్కన పది మిషన్ల పని నేర్చుకునేసరికి నన్ను తగలబెట్టిన చోట గడ్డి మొలుస్తుంది.

ఆగస్టు 20

వాన లేదు. జొన్న పైరు నిలబడే ఎండిపోతోంది.

సెప్టెంబరు 2

ఈ నల్లరేగడి కరిసల్ నేలలో ఎద్దును దుక్కికి మరిగించడం ఈ చుట్టుపక్కల నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కొత్త ఎద్దుకు తేలిక బరువు కట్టి మెల్లగా నేర్పుతామంటారు చేతకానివాళ్ళు. మొదటి రోజే బరువు మొద్దు కట్టాలి. కూలబడుతుంది. తోక మెలిపెట్టాలి. లేస్తుంది. మళ్ళీ కూలబడుతుంది. మూడో రోజుకు అదే నడుస్తుంది. నా చేతిలో మరిగిన ఎద్దు ఏదీ తర్వాత మొరాయించలేదు.

విరుదునగర్ కంప్యూటరు క్లాసులో కృష్ణమ్మాళ్ పేరు రాయించి వచ్చాను. మూడు రకాల చదువులున్నాయట. ఒకటి అచ్చు కొట్టేది, ఒకటి బొమ్మలు వేసేది, ఒకటి మిషనుకే ఆజ్ఞలు రాసేది. ఏది ముందు అని వాళ్ళు అడిగారు. మూడూ ఒకేసారి అన్నాను. సాయంత్రం బడి వదలగానే బస్సు ఎక్కాలి. శని ఆదివారాలు పూర్తిగా అక్కడే.

"ఒకటి ముగించి ఇంకొకటి పోతాను మామా" అంది.

"హెడ్‌మిస్ట్రెస్ జూన్‌లో రిటైరు అవుతుంది. ఆ కుర్చీ నీకు కావాల్నా వద్దా?"

తల వంచుకుంది. కావాలి. ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆ కుర్చీతో బాటు బడి వెనక రెండు గదుల ఇల్లు వస్తుంది. కూతుర్ని తీసుకుని నా కప్పు కిందినుంచి పోవాలని ఆమె ఆశ. నాకు తెలియదనుకుంటోంది.

అక్టోబరు 14

ఈ అక్షరాలు మా తాత భజన పాటల పుస్తకం పెట్టి నేర్పినవి. ఇంట్లో ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు. అందరూ అరవంలో చదువుకున్నవాళ్ళు. అదీ ఒకందుకు మంచిదే.

నవంబరు 6

నిన్న కృష్ణమ్మాళ్ విరుదునగర్ నుంచి వస్తూ బస్సులో నిద్రపోయి, కోవిల్‌పట్టిలో దిగకుండా కయత్తారు దాకా పోయింది. అక్కడ కండక్టరు లేపి దించాడట. ఇంకో బస్సు పట్టుకుని వచ్చేసరికి నేను తలుపు వేసేశాను. వేళకు రాని ఆడదానికి తలుపు తియ్యడం ఈ ఇంట్లో లేదు. మనవరాలు సంగవి లేచి తీసింది. పన్నెండేళ్ళ పిల్ల. పొద్దున దానికి రెండు వేశాను.

నవంబరు 29

క్లాసులో నిలబడే కునుకుతోందని హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చెప్పింది. టేపు పాఠం ఆపేసిందట. దానికి ముందురోజే సిద్ధం చేసుకోవాలట, ఆ వేళ ఇప్పుడు ఆమెకు లేదట.

నాకేమో మంచిదే అనిపించింది.

డిసెంబరు 10

ముత్తుప్పేచ్చి ఫ్యాక్టరీ పని విడిచాక దారిలో కనిపించి, తలమీది గంప దించకుండానే అడిగింది.

"ఏమి సామీ, మా పిల్ల మళ్ళ మూగదైపాయె? మీ టీచరమ్మను ఏమి సేస్తిరి?"

"పెద్ద సదువు నేర్పిస్తా ఉండాము."

"సదువు నేర్పిస్తే సదువు పోతాదా సామీ? ఇదేమి వింత!"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నాలుక పొడుగు ఉన్న మనిషి. కూలికి పిలిచేటప్పుడు గుర్తు పెట్టుకుంటాను.

డిసెంబరు 23

కృష్ణమ్మాళ్ మూడు పరీక్షలూ తప్పింది. చూడబోతే ఒకదాని చదువు ఇంకొకదానిలో రాసి వచ్చిందట. కూలబడింది. తోక మెలిపెట్టాలి. మళ్ళీ మూడింటికీ పేరు రాయించాను.

ఆమె కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. బొట్టు లేని నుదురు, కళ్ళ కింద నలుపు, చూడడానికి బాగా లేదు. గట్టిపడుతోంది.

2002 జనవరి 19

పది మిషన్లూ వచ్చాయి! లారీ ఊరంతా తిరిగేటట్టు చుట్టుదారిలో రమ్మన్నాను.

నా చెల్లెలు తాయమ్మాళ్ కొడుకు రామ్‌కుమార్ సాత్తూరులో కంప్యూటర్ల పనిలో ఉన్నాడు. కొనడం, అమర్చడం అన్నీ వాడి చేతిలో పెట్టాను. ముహూర్తాలున్న తై నెల పోకముందే గది తెరవాలి. కొన్ని పెట్టెలకు బల్లలు చాలలేదు, నేల మీదే పెట్టాడు. ప్లగ్గుల పెట్టె కూడా నేల మీదే.

కృష్ణమ్మాళ్ వచ్చి చూసింది.

"గోడలో వైరు వేసి, కరెంటు పెట్టెను పైన కట్టండి తంబీ. పిల్లకాయలు తొక్కుతారు."

"ముహూర్తం ఆయినంక సేస్తాను వదినా."

"ముహూర్తం కోసరం మిషనా, పిల్లకాయల కోసరమా?"

వాడు నావైపు చూశాడు. "మూడు పరీక్షలు తప్పినవాళ్ళు ఈ గదిలో మాట్లాడకూడదు" అన్నాను. పనివాళ్ళు కూడా నవ్వారు.

జనవరి 26

రేపు గది తెరవడం. కొత్త ఇంట్లోకి పోయేటప్పుడు చేసినట్టే పాలు కాచి పొంగించాలని చెప్పాను. కంప్యూటరు గదిలో ఎవరూ అలా చెయ్యరు అన్నాడు రామ్‌కుమార్. ఎవరూ చెయ్యకపోతేనే మనం చెయ్యాలి. విరుదునగర్‌వాళ్ళు రిబ్బను కత్తిరించారు, అంతే. వాళ్ళ బడి పెద్దలు, టీచర్లు అందరూ వస్తున్నారు, చూసిపోనీ.

తాయమ్మాళ్ ముత్తైదువ, ఆమె పొయ్యి దగ్గర. కృష్ణమ్మాళ్‌కు చెప్పాను, పాలు పొంగి హారతి అయ్యేదాకా గడప బయటే ఉండమని. ఆమె ఉండవలసిన చోటు అదే కదా. తెలియనిది కాదు.

జనవరి 27

గది తెరవడం అయింది. రేపు రాస్తాను.

జనవరి 30

జరిగింది ఇది.

పది మిషన్లూ వెలిగించి, బొమ్మలు కదులుతూ ఉండగా తాయమ్మాళ్ కిరసనాయిలు పొయ్యి మీద కుండ పెట్టింది. ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ కులవ పెట్టారు. గోవిందరాజ్ ముందు వరసలో. పాలు పడమటికి ఒరుగుతున్నట్టు కనిపించింది. పాలు తూర్పుకే పొంగాలి. "కుండను తిప్పమ్మా" అన్నాను. తిప్పింది. తూర్పుకే పొంగింది. బాగా పొంగింది. తూర్పు పక్కన మిషన్లున్నాయి.

పాలు నేల మీద పాకి బల్ల కిందికి పోయాయి. ప్లగ్గుల పెట్టె టప్పుమంది. నేల మీదున్న పెట్టెల్లోంచి పొగ. పిల్లలు అరిచారు. మెయిన్ స్విచ్చు తలుపు వెనకాల ఉందట, లోపలున్న మాకెవరికీ తెలియదు. రామ్‌కుమార్ సోడాలు తేవడానికి వీధిలోకి పోయాడు. వాడు పరిగెత్తి వచ్చి ఆపేసరికి ఏడు మిషన్లు పోయాయి.

కృష్ణమ్మాళ్ గడప బయట స్తంభంలాగా నిలబడి ఉంది. అప్పుడు అక్కడున్నవాళ్ళలో స్విచ్చు ఎక్కడుందో తెలిసినది ఆమె ఒక్కతే. ఒక్క అడుగు లోపలికి వేసి చెయ్యి చాపితే అందేది. వెయ్యలేదు.

పగ. వేరేమీ కాదు.

ఫిబ్రవరి 3

సంగంలో అదే చెప్పాను. తెలిసి కూడా ఆపలేదని. అందరూ అవునన్నారు.

ఫిబ్రవరి 8

తాయమ్మాళ్ అరిసెలు తీసుకుని వచ్చింది. కృష్ణమ్మాళ్ బడికి పోయి ఉంది.

"ఆ బిడ్డ మీద యాల సెప్తావన్నా? ఆ బిడ్డ అరిచె గదా, మెయిన్ ఆపండి, మెయిన్ ఆపండి అని."

"నాకు ఇనపడలా."

"కాలు గూడా లోపల పెట్టె. నువ్వు కండ్లెర్రజేసి సూస్తివి. మళ్ళ ఎనక్కి తీసుకునె. నేను పొయ్యి కాడ ఉండి సూస్తిని."

"నీ కొడుకు వైరు నేల మీద యేసినాడని సెప్పమంటావా సంగంలో?"

అరిసెల డబ్బా అక్కడే పెట్టి పోయింది.

నేను చూశాను, నిజమే. ఊరికే చూశాను. రావద్దని నోరు తెరిచి అనలేదు.

మార్చి 10

సంగం కూటం. జూన్‌లో హెడ్‌మాస్టరు ఎవరని. రామ్‌కుమార్ పేరు నేనే చెప్పాను. బడి నడపను కంప్యూటరు తెలిసినవాడు కావాలి.

గోవిందరాజ్ ఊరుకోలేదు. "కృష్ణమ్మాళ్ ఆరేళ్ళుగా సెప్తా ఉండాది. పిలిచి ఒక మాట అడుగుదాము" అన్నాడు. నా మీది కోపంతో అన్నాడు, ఆమె మీది ప్రేమతో కాదు.

పిలిచారు. "మిషన్లు కాలేటప్పుడు నువ్వు ఎందుకమ్మా ఆపలా?" అని అడిగాడు.

మా కూటంలో తెలుగే మాట్లాడతాం. ఇంట్లో తెలుగు, సంగంలో తెలుగు, గడప దాటితే అరవం. అది మా తాతల నాటి నడత. ఆమె అరవంలో జవాబు చెప్పింది. కలెక్టరు ముందు నిలబడినట్టు నిలబడి, నావైపు వేలు చూపి, "నేను లోపలికి రాకూడదని కరస్పాండెంట్ సారు చెప్పారు, ఎందుకని సారునే అడగండి" అని. మామ అనలేదు. సారు.

"తెలుగులో మాట్లాడు" అన్నాను.

మళ్ళీ అరవంలోనే అదే చెప్పింది. గొంతు కూడా పెంచలేదు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఇక్కడ రాయను.

కూటంలో ఎవరూ తలెత్తలేదు. గోవిందరాజ్ కూడా. ఆమె కొంగు భుజం మీదికి తీసుకుని బయటికి పోయింది. రామ్‌కుమార్‌కే అని తీర్మానం అయింది.

మార్చి 11

అది అందరూ అనే మాటే. మొగుడు పోయినవాళ్ళను ఊళ్ళో ఎవరైనా కోపంలో అనేదే.

మార్చి 13

టేపురికార్డరు బడి సొత్తు కదా. అంగన్‌వాడీ పక్కన గుడి మైకువాళ్ళకు ఇచ్చేశాను. ఐదో క్లాసులో ఇంక అది ఎందుకు? ఆమెను కంప్యూటరు గదికి మార్చాను. మిషన్ల మీది గుడ్డలు దులపడం పని. పిల్లలను తాకనివ్వకూడదు, మిగిలినవి మూడే.

మార్చి 14

పొద్దున భోజనానికి అరవంలో పిలిచింది. "సాప్పిడ వాంగ సార్."

నా ఇంట్లో, నా వంటింట్లో నుంచి, నన్ను! కూటంలో అన్నది కోపమనుకున్నాను. ఆకు వేసింది, అన్నం పెట్టింది, నెయ్యి కూడా వేసింది. ఏది అడిగినా జవాబు వస్తుంది, అరవంలో వస్తుంది, చివర సారు అని వస్తుంది.

"ఏమి, నాలుక తిరగడం లేదా?" అన్నాను.

"సొల్లుంగ సార్" అంది, చెప్పండి సారు అని.

ఆకు లాగి విసిరేశాను. నేల తుడిచి మళ్ళీ పెట్టింది.

మార్చి 30

ఎన్నాళ్ళు? కూలబడిన ఎద్దు లేవకపోతుందా? విరుదునగర్ క్లాసులు ఆమే మానేసింది. నన్ను అడగలేదు. మిగిలిన మూడింట్లో ఒక మిషను ముందు సాయంత్రాలు కూర్చుంటోందట, మారీశ్వరినీ ఇంకో ఇద్దరినీ పక్కన పెట్టుకుని. వాళ్ళు చెప్పే మాటలు పెద్ద అక్షరాలలో కొడుతోందట. అది తప్ప ఇంకేమీ ముట్టడం లేదట. రామ్‌కుమార్ వచ్చి చెప్పాడు.

"కరెంటు తీసేయ్" అన్నాను.

"వదినే మూడు మిషన్లకు గోడలో వైరు వేయించింది మామా, వాళ్ళ అన్న వచ్చి" అన్నాడు వాడు. సిగ్గు లేకుండా.

ఏప్రిల్ 21

జ్వరం. మందు వేళకు ఇచ్చింది. నుదుటి మీద తడిగుడ్డ వేసింది, తీసింది. ఒక్క మాట తెలుగులో రాలేదు. నేనూ అడగను. ఆమే మొదలుపెట్టాలి.

ఏప్రిల్ 22

మొదలుపెట్టలేదు.

మే 27

రామ్‌కుమార్ వెళ్ళిపోయాడు. విరుదునగర్‌లో ఆ ఎనిమిది మిషన్ల బడిలో పని దొరికిందట. నాకు చెప్పలేదు, తాయమ్మాళ్ చేత చెప్పించాడు. బడి తెరవడానికి రోజులు లేవు.

మే 30

గోవిందరాజ్ ఇంటికే వచ్చాడు. "నువ్వు పోయి అడుగు. నీ ఇంట్లో మనిషే గదా." నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. నేను అడగకపోతే కరస్పాండెంటు కుర్చీ కూడా అతనే చూసుకుంటాడు.

మే 31

అడిగాను.

వంటింటి గడప దగ్గర నిలబడి, "కుర్చీ తీసుకో" అన్నాను. అంతే అన్నాను. ఇంకేమైనా అనాలా?

ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపకుండా అరవంలో చెప్పింది. తీసుకుంటానంది. కొత్త మిషన్లు ఇంక కొనకూడదంది. టీచర్లు ఏడాదికి ఒకటే నేర్చుకుంటారంది, ఏది అనేది వాళ్ళే తేల్చుకుంటారంది. గుడివాళ్ళ దగ్గర నుంచి టేపురికార్డరు నేనే పోయి అడిగి తేవాలంది.

సరే అన్నాను.

"నండ్రి సార్" అంది.

జూన్ 2

టేపురికార్డరు తెచ్చి ఇచ్చాను. మైకువాడు నవ్వాడు. వాడి నవ్వు నాకు లెక్క కాదు.

జూన్ 9

ఆమె, సంగవి బడి వెనక ఇంటికి మారిపోతున్నారు. నా భోజనం రెండు పూటలా పంపిస్తుందట. మామ ఆకలితో ఉన్నాడని ఊరు ఒక మాట అనకుండా.

తాయమ్మాళ్ తన ఇంటికి రమ్మంది. రాను అన్నాను. కొడుకును పోనిచ్చినదాని ఇంటికి నేనెందుకు పోతాను?

జూన్ 16

ఇల్లు శుభ్రంగా ఉంది. గోల లేదు.

అన్నం తెచ్చే పనిమనిషి మూక్కమ్మాళ్‌కు అరవం తప్ప రాదు. తోటలో పనివాళ్ళూ అంతే. ఈరోజు ఆదివారం. సంగం కూటం లేదు. పొద్దున్నుంచి నోట్లో ఒక్క తెలుగు మాట కదల్లేదని మాపటికి తెలిసింది. ఆవుకు గడ్డి వేస్తూ ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు.

జూన్ 23

ఈరోజు అన్నం సంగవి తెచ్చింది. పావడా కట్టింది, ఎత్తు పెరిగింది. క్యారియరు దించి, కాఫీ ఫ్లాస్కు బయటికి తీసి, నవ్వి, "తాతా, నీకు..." అని మొదలుపెట్టింది.

ఆగింది.

వాళ్ళ అమ్మ వీధి మలుపులో కూరల బండి దగ్గర ఉంది. ఇటు చూడడం కూడా లేదు. పిల్ల కిందికి చూసి, పెదవి తడుపుకుని, అరవంలో మళ్ళీ మొదటినుంచి అడిగింది. "ఉంగళుక్కు కాపి వేణుమా ఐయా?" మీకు కాఫీ కావాలా అయ్యా అని.

తెలుగులో అడగమని చెప్పాలనుకున్నాను. నాకు తెలిసిన చెప్పడం ఒకటే ఉంది, దానికి దాని బుగ్గ మీద నవంబరులో వేసిన రెండూ గుర్తుంటాయి.

గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"వేణుం" అన్నాను.